ఒక్క పుస్తకంలో దొరకని నియమాలు: కంపైలర్ రాసేవారికి ఆబ్జెక్ట్ ఫైలు ఎందుకు చిక్కుముడి అవుతోంది?

సంక్షిప్తంగా: ప్రోగ్రాము పాఠ్యాన్ని ప్రాసెసర్ ఆదేశాలుగా మార్చే కంపైలర్ ఆ ఆదేశాలను ఆబ్జెక్ట్ ఫైలులో పెడుతుంది. అలాంటి ఫైళ్లను కలిపి నడిచే ప్రోగ్రాముగా చేసే లింకర్ దాన్ని ఒప్పుకోవాలంటే పాటించవలసిన నియమాలు నాలుగు చోట్ల విడివిడిగా ఉన్నాయి. కొన్ని సాధారణ నిర్దేశ పత్రంలో, కొన్ని ప్రాసెసర్ అనుబంధంలో, కొన్ని పేర్లు, సంఖ్యల నిర్వచనాలు ఉండే హెడర్ ఫైళ్లలో, మిగిలినవి లింకర్ల ఆనవాయితీల్లో. ఈ చీలిక ఎలా వచ్చింది, కొత్తవారు ఎక్కడ పొరబడుతున్నారు, రిస్క్-ఫైవ్ అనే బహిరంగ ప్రాసెసర్ ఆదేశాల వ్యవస్థ రాకతో ఏం మారింది అన్నవి ఈ వ్యాసంలోని అంశాలు.

చెన్నైలో తరమణి నుంచి సిరుసేరి దాకా సాగే పాత మహాబలిపురం రోడ్డు మీద ఏ సాఫ్ట్‌వేర్ కార్యాలయంలో అడుగుపెట్టినా తెలుగు వినిపిస్తుంది. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి ఇంజనీరింగ్ చదువుకు ఈ నగరానికి వచ్చే తెలుగు పిల్లలూ తక్కువేమీ కాదు. కంప్యూటర్ లోపలి పనితీరు మీద మక్కువ ఉన్న విద్యార్థి ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకు చిన్న కంపైలర్ రాయాలనుకోవడం సహజం. పదాలను విడదీయడం, వాక్య నిర్మాణాన్ని పోల్చుకోవడం, టైపులు సరిచూడటం, చివరకు ప్రాసెసర్ ఆదేశాలు పుట్టించడం వరకు పాఠ్యపుస్తకం తోడు వస్తుంది. సాధారణంగా అసెంబ్లీ భాష దగ్గర ఆ తోడు తెగిపోతుంది.

ఆ తరువాతి అంగ చిన్నదిగా కనిపిస్తుంది. పుట్టిన ఆదేశాలను ఒక డాట్ ఓ ఫైలులో పెట్టి లింకర్‌కు అందించాలి, అంతే. కానీ లింకర్ ‘ఫైలు ఫార్మాట్ గుర్తుపట్టలేకపోయాను’ అని ఒక్క ముక్క చెప్పి ఆగిపోతుంది. తప్పు ఏ బైటులో ఉందో చెప్పదు. పత్రం కోసం వెతికితే 1995 నాటి పీడీఎఫ్ ఒకటి దొరుకుతుంది, అందులో 64-బిట్ ఫార్మాట్ వివరాలు ఉండవు. లింకర్ల మీద విడిగా వచ్చిన పుస్తకాలు వేళ్ల మీద లెక్కించదగినన్నే. వాటిలో అందరూ చెప్పే జాన్ లెవైన్ ‘లింకర్స్ అండ్ లోడర్స్’ 1990ల చివరలో వచ్చింది. ఇంటెల్, ఏఎండీ తరహా 64-బిట్ ఎక్స్86 ప్రాసెసర్లు 2003లో గానీ మార్కెట్‌లోకి రాలేదు. సూత్రాలకు ఆ పుస్తకం ఈనాటికీ గట్టి ఆధారమే. బైట్ల లెక్క తేల్చుకోవడానికి మాత్రం వేరే చోటికి వెళ్లాలి.

ఖాళీలు ఉంచి అచ్చువేసిన శుభలేఖ

పెళ్లి శుభలేఖలు అచ్చు వేయించేటప్పుడు పిలవబోయేవారి పేరు రాసే చోటు ఖాళీగా వదులుతారు. ముహూర్తం, వేదిక, వధూవరుల పేర్లు ముందే ఖాయం. ఎవరి ఇంటికి ఏ కార్డు వెళుతుందో తరువాత తేలుతుంది. ఆబ్జెక్ట్ ఫైలు పని కూడా అదే. ఆదేశాలన్నీ అచ్చయి ఉంటాయి. ఇంకో ఫైలులో ఉన్న ఫంక్షన్‌ను పిలిచే చోట మాత్రం చిరునామా తెలియదు కాబట్టి నాలుగు బైట్లు ఖాళీగా ఉంటాయి. పేర్ల జాబితాకు సింబల్ టేబుల్ అని పేరు. ఏ ఖాళీలో ఏ పేరు తాలూకు చిరునామాను ఏ లెక్క ప్రకారం రాయాలో చెప్పే జాబితాను రీలొకేషన్ పట్టిక అంటారు. ఖాళీలు పూరించే పని లింకర్‌ది.

ఇక్కడే మొదటి అయోమయం. లినక్స్‌లో వాడే ఎల్ఫ్ ఫార్మాట్‌కు రెండు ముఖాలు ఉన్నాయి. లింకర్ చూసే ముఖంలో సెక్షన్లు ఉంటాయి, ప్రోగ్రామును మెమరీలోకి ఎక్కించే లోడర్ చూసే ముఖంలో సెగ్మెంట్లు ఉంటాయి. ఆబ్జెక్ట్ ఫైలుకు మొదటిది చాలు. అంటే నిర్దేశ పత్రంలో దాదాపు సగం కంపైలర్ రచయిత పక్కన పెట్టవచ్చు. ఆన్‌లైన్‌లో దొరికే వివరణల్లో ఎక్కువ భాగం భద్రతా పరిశోధకుల కోసం, పూర్తయిన ప్రోగ్రాములను విప్పి చూసేవారి కోసం రాసినవి. అవి రెండో ముఖం గురించే విస్తారంగా చెబుతాయి. కంపైలర్ రాసేవారు వాటిని ఎంత శ్రద్ధగా చదివినా తమకు కావలసినది అక్కడ లేదని చాలా ఆలస్యంగా తెలుసుకుంటారు.

పత్రం చేతులు మారిన కథ

ఎల్ఫ్ కంటే ముందు యూనిక్స్‌లో ఎ.అవుట్ అనే సాదాసీదా ఫార్మాట్, ఆ తరువాత కాఫ్ వాడుకలో ఉండేవి. సిస్టమ్ ఫైవ్ నాలుగో విడుదల కోసం యూనిక్స్ సిస్టమ్ లేబరేటరీస్ ఎల్ఫ్‌ను రూపొందించింది. అనేక రకాల ప్రాసెసర్ల మీద ఒకే ఫార్మాట్ నడవాలన్నది ఉద్దేశం. అందుకే పత్రాన్ని కావాలనే రెండు ముక్కలు చేశారు. అన్ని ప్రాసెసర్లకూ వర్తించేది సాధారణ ఏబీఐ (అప్లికేషన్ బైనరీ ఇంటర్‌ఫేస్, అంటే విడివిడిగా తయారైన కోడ్ ముక్కలు కలిసి పనిచేయడానికి పాటించే ఒప్పందం). ఒక్కో ప్రాసెసర్‌కు ప్రత్యేకంగా ఉండేది అనుబంధం. రీలొకేషన్ రకాల సంఖ్యలు, వాటి లెక్కలు, ఫంక్షన్‌కు విలువలు అందించే పద్ధతి అన్నీ అనుబంధంలో ఉంటాయి. సాధారణ పత్రం ఒక్కటే చదివి ఆబ్జెక్ట్ ఫైలు పూర్తి చేయడం అందుకే సాధ్యం కాదు. ఇది లోపం కాదు, ఆ రూపకల్పన తీరే అంత.

లోపం వేరే చోట ఉంది. ఆ సంస్థను 1993లో నోవెల్ కొన్నది. 1995లో ఆ యూనిక్స్ వ్యాపారం ఎస్‌సీఓకు, 2001లో కాల్డెరాకు చేరింది. కాల్డెరా మరుసటి ఏడాది ఎస్‌సీఓ గ్రూప్‌గా పేరు మార్చుకుంది. 2011లో ఆ ఆస్తులు కొన్న సంస్థే నేటి జినుయోస్. యజమాని మారినప్పుడల్లా పాత లంకెలు తెగాయి. ఈలోగా కంపెనీల సంఘం ఒకటి 1995 మేలో విడుదల చేసిన 1.2 వెర్షన్ ఒకే పీడీఎఫ్‌గా, చదవడానికి ఇంపుగా ఉండటంతో ఊరూరా పాకింది. వెతుకులాటలో ఈనాటికీ ముందుగా తగిలేది అదే. అది 32-బిట్ ఇంటెల్ ప్రాసెసర్లకు ఉద్దేశించినది.

దాని ప్రభావం ఊహకు అందనంత సూక్ష్మంగా ఉంటుంది. 32-బిట్ సింబల్ టేబుల్‌లో ఒక్కో నమోదు 16 బైట్లు. వరుసగా పేరు, విలువ, పరిమాణం, రకం, దృశ్యత, సెక్షన్ సంఖ్య. 64-బిట్‌లో నమోదు 24 బైట్లు. విలువ, పరిమాణం రెట్టింపు కావడమే కాక వరుస కూడా మారింది. పేరు తరువాత రకం, దృశ్యత, సెక్షన్ సంఖ్య వచ్చి, విలువ, పరిమాణం చివరకు వెళ్లాయి. ఎనిమిది బైట్ల అంకెలు ఎనిమిదితో భాగింపబడే చోట మొదలు కావాలన్నదే దీనికి కారణం. పాత పత్రం చూసి గడుల వెడల్పు మాత్రమే పెంచినవారి ఫైలు, పరిమాణం సరిపోయినా లోపల అంతా తారుమారుగా ఉంటుంది.

పద్నాలుగు బైట్లు, ఒక ఖాళీ

ఒక చిన్న ఫంక్షన్‌ను దగ్గరగా చూస్తే విషయం తేటపడుతుంది. ఎక్స్86-64 ప్రాసెసర్ మీద స్టాక్‌ను, అంటే ఫంక్షన్లు తాత్కాలిక విలువలు ఉంచే మెమరీని, ఎనిమిది బైట్లు కిందికి జరిపి, ఇంకో ఫైలులోని ‘జి’ అనే ఫంక్షన్‌ను పిలిచి, స్టాక్‌ను తిరిగి పైకి జరిపి, వెనక్కి వచ్చే ఫంక్షన్ అది. జరపడానికి 4 బైట్లు, పిలుపుకు 5, మళ్లీ జరపడానికి 4, వెనక్కి రావడానికి 1. మొత్తం 14.

పిలుపు ఆదేశం 4వ స్థానంలో మొదలవుతుంది. మొదటి బైటు 232, అది ‘పిలువు’ అనే సంకేతం. తరువాతి నాలుగు బైట్లు దూరం. దూరం తెలియదు కనుక నాలుగూ సున్నాలే. కాబట్టి రీలొకేషన్ నమోదులో స్థానం 5, రకం 4, పేరు ‘జి’ అని రాయాలి. ఇంకో గడి మిగిలింది: కలపవలసిన సంఖ్య. అక్కడ రుణ 4 ఉండాలి. సున్నా రాస్తే ప్రోగ్రాము లింక్ అవుతుంది, నడిపితే కూలుతుంది.

రుణ 4 ఎక్కడి నుంచి వచ్చింది? ప్రాసెసర్ దూరాన్ని కొలిచేది తరువాతి ఆదేశం నుంచి, అంటే 9వ స్థానం నుంచి. ఎల్ఫ్ అనుబంధంలోని సూత్రం కొలిచేది ఖాళీ ఉన్న చోటు నుంచి, అంటే 5 నుంచి. ఆ నాలుగు బైట్ల తేడాను కంపైలరే సర్దుబాటు చేయాలి. సూత్రం ఎల్ఫ్ అనుబంధంలో ఉంది. ప్రాసెసర్ ఎక్కడి నుంచి కొలుస్తుందన్నది ప్రాసెసర్ తయారీదారు ఆదేశాల పుస్తకంలో ఉంది. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకున్నవారికే రుణ 4 దొరుకుతుంది.

పాత 32-బిట్ ఇంటెల్ మీద ఇదే పిలుపుకు విడిగా గడి లేదు. రుణ 4ను ఆ ఖాళీ బైట్లలోనే రాసి ఉంచుతారు: 252, 255, 255, 255. విండోస్ వాడే కాఫ్‌లో 64-బిట్ ప్రాసెసర్ మీద కూడా విడి గడి లేదు, అయితే ఖాళీలో సున్నాలే ఉంచాలి. ఖాళీ ముగిసిన చోటు నుంచి కొలవడం లింకర్ తానే చూసుకుంటుంది. ఆపిల్ మాక్-ఓ కూడా ఈ పిలుపు విషయంలో సున్నాలనే ఆశిస్తుంది. ప్రాసెసర్ అదే, ఆదేశం అదే, పద్నాలుగు బైట్లూ అవే. నియమాలు మాత్రం మూడు రకాలు. ఒక ఫార్మాట్‌కు రాసిన కోడ్‌ను మరోదానికి మార్చేవారు అన్నిటికన్నా ముందు చూడవలసిన చోటు ఇదే.

రాతలో లేనివి, వాడుకలో ఉన్నవి

ఎల్ఫ్ సింబల్ టేబుల్‌లో ఫైలు లోపలి పేర్లన్నీ ముందు, బయటికి కనిపించే పేర్లన్నీ తరువాత రావాలి. సరిహద్దు ఎక్కడో సెక్షన్ హెడర్‌లోని ‘ఇన్ఫో’ గడిలో రాయాలి. ఆ నియమంలో ఒక ముక్క సింబల్ టేబుల్ అధ్యాయంలో, మరో ముక్క సెక్షన్ హెడర్ల అధ్యాయంలోని పట్టికలో ఉంటుంది. గడి పేరు చూస్తే అక్కడ ఇలాంటి కీలకమైన సంఖ్య ఉంటుందని ఎవరూ అనుకోరు. మొదటిసారి ఎల్ఫ్ రాసేవారిని ఎక్కువగా చిక్కుల్లో పడేసేది ఈ గడే. అయినా ఇది రాతలో ఉన్న నియమం, ఓపికగా చదివితే దొరుకుతుంది.

అసలు రాతలో లేనివి ఇంకా ఉన్నాయి. ‘నోట్ గ్నూ-స్టాక్’ అనే పేరుతో ఒక ఖాళీ సెక్షన్‌ను ఆబ్జెక్ట్ ఫైలులో పెట్టాలి. అందులో ఒక్క బైటు కూడా ఉండదు. ‘ఈ కోడ్‌కు స్టాక్ మీద ఆదేశాలు నడిపే అవసరం లేదు’ అని ఆ పేరే చెబుతుంది. అది లేకపోతే ఎక్స్86 మీద గ్నూ లింకర్ మొత్తం ప్రోగ్రాముకు స్టాక్ మీద కోడ్ నడిపే అనుమతి ఇచ్చేస్తుంది. భద్రత దృష్ట్యా అది చేటు. సాధారణ ఏబీఐలో ఈ సెక్షన్ ఊసే లేదు, ఇది గ్నూ పరికరాల ఆనవాయితీ. గ్నూ లింకర్ ఉండే బిన్‌యుటిల్స్ పరికరాల పెట్టెలో, 2022లో వచ్చిన 2.39 వెర్షన్ నుంచి లింకర్ దీనిపై హెచ్చరిస్తోంది. అంతకుముందు కంపైలర్ రాసినవారికి తమ ఫైలులో లోటు ఉందని తెలిసే అవకాశమే తక్కువ.

వాడుక కాలంతో పాటు కదులుతుంది కూడా. పైన చెప్పిన రకం 4కు పీఎల్‌టీ32 అని పేరు. పాత వివరణల్లో అదే పిలుపుకు పీసీ32 అనే రకం 2 కనిపిస్తుంది. 2018లో గ్నూ అసెంబ్లర్ అన్ని సూటి పిలుపులకూ పీఎల్‌టీ32 రాయడం మొదలుపెట్టింది. లినక్స్ కెర్నెల్‌లో మాడ్యూళ్లను ఎక్కించే భాగానికి ఆ రకం తెలియకపోవడంతో కెర్నెల్‌నే సవరించవలసి వచ్చింది. కెర్నెల్ రాసేవారికే ఈ అవస్థ తప్పలేదంటే, పాత పాఠం పట్టుకుని కూర్చున్న విద్యార్థి తికమకపడటంలో వింత లేదు.

విండోస్, మాక్ సంగతి

మైక్రోసాఫ్ట్ తన పీఈ-కాఫ్ పత్రాన్ని బహిరంగంగానే ఉంచింది. ఆబ్జెక్ట్ ఫైలు భాగం అందులో విడిగా గుర్తించేలా ఉంది. ఫైలు హెడర్ 20 బైట్లు, సెక్షన్ హెడర్ 40, సింబల్ నమోదు 18. పేరుకు ఎనిమిది బైట్ల గడి. పేరు అంతకన్నా పొడవైతే గడిలో మొదటి నాలుగు బైట్లు సున్నాలు పెట్టి, మిగతా నాలుగింటిలో స్ట్రింగ్ టేబుల్‌లోని స్థానం రాయాలి. ఆ టేబుల్ మొదట్లో ఉండే పరిమాణపు సంఖ్య తనను తాను కూడా కలుపుకుని లెక్కించాలి. ఈ రెండూ పట్టుబడితే తక్కిన పని తేలిక. ఒకే పత్రంలో ఎక్కువ భాగం దొరకడం పరంగా చూస్తే ఇదే మెరుగు.

ఆపిల్ విషయం వేరు. మాక్-ఓ ఫార్మాట్‌కు సంస్థ ఒకప్పుడు చక్కని పత్రం ప్రచురించి, తరువాత తన సైటు నుంచి తీసేసింది. ఇప్పుడు మిగిలిన అధికారిక ఆధారం హెడర్ ఫైళ్లు. వాటిలోని వ్యాఖ్యలను తేలిగ్గా తీసుకోకూడదు. ఎక్స్86-64 రీలొకేషన్ల హెడర్‌లో ఏ ఆదేశానికి ఏ నమోదు రాయాలో ఉదాహరణలతో సహా ఉంది, ఎన్నో పీడీఎఫ్‌ల కన్నా అది స్పష్టం. సీ భాషలోని పేర్లకు ముందు ఒక అడుగుగీత చేర్చాలన్న నియమం మరిచిపోతే మాత్రం పేరు దొరకలేదని లింకర్ మొరాయిస్తుంది.

రిస్క్-ఫైవ్: దగ్గరి ఉదాహరణ

చెన్నైకి ఈ విషయంతో మరో దగ్గరి సంబంధం ఉంది. ఐఐటీ మద్రాస్‌లో రూపుదిద్దుకున్న శక్తి ప్రాసెసర్ల కుటుంబం రిస్క్-ఫైవ్ ఆదేశాల మీద ఆధారపడింది. కేంద్ర ప్రభుత్వం 2022 ఏప్రిల్‌లో డిజిటల్ ఇండియా రిస్క్-ఫైవ్ (డీఐఆర్-ఫైవ్) కార్యక్రమాన్ని ప్రకటించింది. సొంత ప్రాసెసర్ ఉన్న చోట కంపైలర్ పనివారూ కావాలి. ఎక్స్86 అలవాటుతో రిస్క్-ఫైవ్‌కు వచ్చేవారికి ఆబ్జెక్ట్ ఫైలు నియమాలు కొత్తగా తోస్తాయి.

ఇక్కడ దూరపు ఫంక్షన్‌ను పిలవడానికి రెండు ఆదేశాల జంట కావాలి, మొత్తం 8 బైట్లు. గమ్యం దగ్గరలోనే ఉందని లింకింగ్ సమయంలో తేలితే, లింకర్ ఆ జంటను ఒకే 4 బైట్ల ఆదేశంగా కుదించగలదు. దీన్ని రిలాక్సేషన్ అంటారు. కంపైలర్ ఇందుకు అనుమతిస్తూ అదే స్థానంలో రెండో రీలొకేషన్ నమోదు రాయాలి. ఫలితం దూరం వెళుతుంది. కోడ్ మధ్యలో బైట్లు మాయమైతే ఒకే ఫంక్షన్‌లోని రెండు గుర్తుల మధ్య దూరం కూడా ముందుగా చెప్పలేని సంఖ్య అవుతుంది. ఎక్స్86 మీద కంపైలర్ స్వయంగా లెక్కగట్టి రాసే ఆ దూరాన్ని ఇక్కడ ‘ఇది కలుపు, అది తీసివేయి’ అనే జంట రీలొకేషన్లుగా లింకర్‌కు అప్పగించాలి. దిగువ 12 బిట్లను పూరించే రీలొకేషన్ మరీ ఆశ్చర్యపరుస్తుంది. అందులో రాయవలసిన పేరు గమ్యానిది కాదు, పై బిట్లను తయారుచేసిన మొదటి ఆదేశం దగ్గరి గుర్తుది.

ఇంకొకటి ఫైలు హెడర్‌లోని జెండాల గడి. ఎక్స్86-64లో అక్కడ సున్నా రాస్తే సరిపోతుంది. రిస్క్-ఫైవ్‌లో దశాంశ సంఖ్యలను రిజిస్టర్లలో ఏ పద్ధతిలో అందిస్తారో ఆ గడిలో నమోదు చేయాలి. రెండు ఫైళ్లలో ఈ పద్ధతి వేరైతే లింకర్ వాటిని కలపడానికి నిరాకరిస్తుంది. సాధారణ ఏబీఐ ప్రకారం ఫైలులో ఒక్క తప్పూ ఉండదు, అయినా తిరస్కరణ తప్పదు.

మేలైన విషయం ఏమిటంటే రిస్క్-ఫైవ్ అనుబంధం మొదటి నుంచీ బహిరంగంగా, మార్పుల చరిత్రతో సహా అందుబాటులో ఉంది. ఆర్మ్ కూడా తన ఏబీఐ పత్రాలను అదే దారిలో పెట్టింది. కంపెనీ చేతులు మారితే పత్రం మాయమయ్యే పరిస్థితి ఈ రెండింటికీ చాలావరకు తప్పింది.

ఎక్కడ మొదలుపెట్టాలి

తొలి మెట్టుగా అసెంబ్లీ పాఠ్యం రాసి అసెంబ్లర్‌కు వదిలేయడం గౌరవప్రదమైన మార్గమే. గ్నూ కంపైలర్ జీసీసీ ఇప్పటికీ అదే చేస్తోంది. సొంతంగా ఫైలు రాయడం వల్ల లాభం వేగం, బయటి పరికరం మీద ఆధారపడనక్కర లేకపోవడం. చిన్న కంపైలర్‌గా పేరున్న టీసీసీ తన ఎల్ఫ్ తానే రాసుకుంటుంది. గో భాష వారు సొంత ఫార్మాట్, సొంత లింకర్ పెట్టుకుని ఈ గొడవలో చాలా భాగం తప్పించుకున్నారు. అది పెద్ద బృందాలు భరించగల ఖర్చు.

సొంతంగా రాయదలచినవారికి తక్కువ శ్రమతో ఎక్కువ నేర్పేది పోలిక. పైన చెప్పిన పద్నాలుగు బైట్ల ఫంక్షన్‌నే అసెంబ్లర్‌కు ఇచ్చి ఒక ఫైలు, తమ కంపైలర్‌తో ఒక ఫైలు తయారుచేసి, రెండింటినీ రీడ్‌ఎల్ఫ్ పరికరంతో విప్పి పక్కపక్కన పెట్టాలి. ఎల్ఫ్ హెడర్ 64 బైట్లు. ఒక్కో సెక్షన్ హెడర్ కూడా 64 బైట్లే. ఇంత చిన్న ఫైలుకు ఖాళీ మొదటి సెక్షన్‌తో కలిపి ఏడు సెక్షన్లు చాలు: ఖాళీది, కోడ్, దాని రీలొకేషన్లు, సింబల్ టేబుల్, పేర్ల స్ట్రింగ్ టేబుల్, సెక్షన్ పేర్ల స్ట్రింగ్ టేబుల్, ఖాళీ గ్నూ-స్టాక్. ఏ గడిలో తేడా ఉందో ఆ గడి పేరుతో సాధారణ ఏబీఐలో వెతకాలి. అక్కడ లేకపోతే ప్రాసెసర్ అనుబంధంలో, అక్కడా లేకపోతే లినక్స్‌లో ఉండే ఎల్ఫ్ హెడర్ ఫైలులో. ఈ క్రమంలో వెళితే ప్రతి ప్రశ్నకూ ఒక చిరునామా ఉంటుంది.

ఒకే లింకర్ ఒప్పుకున్నదని తృప్తిపడటం మంచిది కాదు. ఒకటి మౌనంగా మింగిన తప్పును మరొకటి బయటపెట్టవచ్చు. గ్నూ లింకర్‌తో పాటు ఎల్ఎల్‌డీ, మోల్డ్ రెండూ ఉచితంగా దొరుకుతాయి. వాటి మూల కోడ్‌లో తప్పు సందేశం కోసం వెతికితే ఏ గడిని ఏ విలువతో పోల్చారో అక్కడే కనిపిస్తుంది.

డీబగ్ సమాచారానికి డ్వార్ఫ్ అనే వేరే పత్రం ఉంది, 2017లో ఐదో వెర్షన్ వచ్చింది. ప్రోగ్రాము సరిగా లింక్ అయి నడిచే దాకా దాని జోలికి వెళ్లనక్కర లేదు.

ఫైలు రాసే కోడ్‌లో ప్రతి సంఖ్య పక్కనా అది ఏ పత్రంలో, ఏ వెర్షన్‌లో, ఏ అధ్యాయంలో దొరికిందో వ్యాఖ్యగా రాయడం, ఆ పత్రం ప్రతిని ప్రాజెక్టుతో పాటే భద్రపరచడం అవసరం. పీసీ32 స్థానంలో పీఎల్‌టీ32 వచ్చినట్లు మరో మార్పు వచ్చినప్పుడు, సవరించవలసిన గీత ఏదో ఆ వ్యాఖ్యను బట్టే తెలుస్తుంది.